ట్రిమ్ సంగతి తర్వాత, ముందు మీ డొంక ఎట్లా ఉందో చెప్పండి

ఈసారి ప్రశ్నలన్నీ పికప్ ట్రక్కుల మీదే తీసుకున్నా. కార్ల వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి. ట్రిమ్ అంటే ఒకే మోడల్లో సామాన్లను బట్టి వచ్చే రకం; ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం, ఫోర్ బై టూ అంటే రెంటికే.

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు సార్, ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. ఎనిమిదెకరాల మిర్చి, అంతా నల్లరేగడే. వారానికి రెండుసార్లు పొలం పోవాలి, చివర మూడు కిలోమీటర్లు మట్టి డొంక. ఇసుజు వీ-క్రాస్ అని ఫిక్సయిపోయా. జెడ్ ఫోర్ బై ఫోర్ మాన్యువల్ తీసుకోనా, దాని పై ట్రిమ్ జెడ్ ప్రెస్టీజ్‌కి పోనా అన్నదే తేలట్లేదు. షోరూంలో ప్రెస్టీజ్ అయితే రీసేల్ బాగుంటది అంటున్నారు, మా బావమరిదేమో టయోటా హైలక్స్ తప్ప ఇంకోటి కొనొద్దు బావా అంటాడు, మా నాన్నయితే ట్రాక్టర్ ఉండగా ఇదెందుకురా అని రోజూ మొదలు. ఇంకోటి, దీంట్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకోవచ్చా?

జవాబు: ముందు మీ నాన్నగారి మాట తీసేయకండి, ఎందుకో చివర్లో చెప్తా.

ట్రిమ్ దగ్గర నేను చూసేది ఒక్కటే అండి. ఆ కాగితం మీద రాసిన వాటిల్లో రేపు విజయవాడ ఆటోనగర్ పోయి పెట్టించుకోగలిగేవి ఏంటి, ఎంత డబ్బు పోసినా పెట్టించుకోలేనివి ఏంటి. లెదర్ సీట్లు, పెద్ద స్క్రీన్, రివర్స్ కెమెరా, సైడ్ స్టెప్పులు, వెనక తొట్టికి లైనర్, పైన కవరు, ఇవన్నీ ఆటోనగర్‌లో ఒక్క పూట పని, పైగా బేరం ఆడొచ్చు. ఫోర్ బై ఫోర్ గేరు పెట్టె, డిఫరెన్షియల్ (చక్రాలకి బలం పంచే గేర్లు) లాక్, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఎలక్ట్రానిక్ కంట్రోల్), ఎయిర్‌బ్యాగులు మాత్రం బండి ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే పడాలి, బయటకొచ్చాక ఇక అంతే. డబ్బు వీటికి పెట్టండి.

ఈ లెక్కన చూస్తే జెడ్ మాన్యువల్‌కీ ప్రెస్టీజ్ మాన్యువల్‌కీ మట్టిలో తేడా ఏమీ లేదు. రెంటికీ అదే 1.9 లీటర్ డీజిల్, 163 పీఎస్ పవర్, 360 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), అదే ఆరు గేర్లు, అదే "ఫోర్ లో" (నాలుగు చక్రాల్నీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే గేరు). 2021లో బీఎస్6 బండి వచ్చిన కొత్తలో ఈఎస్‌సీ, ట్రాక్షన్ కంట్రోల్ లాంటివి పై ట్రిమ్‌కే ఉండేవి, అప్పుడు మీరు అడిగుంటే కళ్లు మూసుకుని ప్రెస్టీజ్ అనేవాణ్ణి. తర్వాత అవి జెడ్ ఫోర్ బై ఫోర్‌కి కూడా ఇచ్చారు. అందుకని మీరు డబ్బు కట్టే నెలలో ఉన్న బ్రోచర్ తీసుకుని ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఈఎస్‌సీ ఉందా లేదా అన్న రెండు లైన్లు వేలు పెట్టి చదవండి. షోరూంలో కుర్రాడు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, వాడికి ఏ ట్రిమ్ మీద ఇన్సెంటివ్ ఉందో ఆ ట్రిమ్మే మంచిదవుద్ది. ఎయిర్‌బ్యాగుల్లో తేడా ఉండి, పిల్లలతో హైవే తిరుగుడు ఎక్కువ ఉంటే ప్రెస్టీజ్ గురించి ఆలోచించండి, అది న్యాయమైన కారణం. గోధుమరంగు సీట్ల కోసం అయితే వద్దు, మిర్చి కోతల టైంలో ఆ సీట్ల మీద ఎవరు కూర్చుంటారో మీకు తెలీందా.

ఇప్పుడు హైలక్స్. మీ బావమరిది చెప్పేదాంట్లో పస ఉంది, ఆయన పోటీ కోసమే అంటున్నా సరే. 2.8 లీటర్ ఇంజన్, 204 పీఎస్, మన దేశంలో అమ్మే ప్రతి ట్రిమ్‌కీ ఫోర్ బై ఫోర్ ఉంటుంది, వెనక డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంది. వీ-క్రాస్‌కి ఆ లాక్ లేదు, జారే చక్రాన్ని బ్రేకుతో పట్టుకుని రెండో చక్రానికి బలం పంపించడమే దాని పద్ధతి. లాక్ అంటే ఏంటంటే, డొంకలో ఒక వెనక చక్రం గుంట మీద గాల్లోకి లేచిందనుకోండి, మామూలు డిఫరెన్షియల్ బలం అంతా ఆ గాల్లో తిరిగే దానికే ఇచ్చేస్తది, నేల మీదున్న చక్రం చూస్తా ఊరుకుంటది. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి.

హైలక్స్‌లో ట్రిమ్ కథ ఇంకా తమాషా. 2022 మార్చిలో వచ్చినప్పుడు స్టాండర్డ్ 33.99 లక్షలు, హై మాన్యువల్ 35.80 లక్షలు ఎక్స్ షోరూం. తేడా రెండు లక్షల లోపు, దానికి ఎవరైనా హై నే తీసుకుంటారు. ఏడాది తిరిగేసరికి స్టాండర్డ్‌ని 30.40 కి దించి హై ని 37 దాటించారు. అదే ఇంజను, అదే ఛాసిస్, మధ్యలో ఆరు లక్షల పైన గ్యాప్! పైగా స్టాండర్డ్‌కి వచ్చేవి 17 అంగుళాల చక్రాలు, హై కి 18. చక్రం చిన్నదైతే టైరు గోడ ఎత్తు పెరుగుద్ది, రాళ్లలో గుంటల్లో అదే మేలు, అంటే తక్కువ డబ్బు ఇచ్చినోడికే పొలానికి పనికొచ్చే చక్రం దొరుకుతుందన్నమాట. ఇవాళ్టి రేట్లు వేరేగా ఉంటాయి, కానీ కొటేషన్ తీసుకునేటప్పుడు పక్క ట్రిమ్‌కి ఎంత తేడా ఉందో, ఆ తేడాకి ఏం వస్తుందో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీ బడ్జెట్ ప్రెస్టీజ్ దాకా సాగుతుందంటే హైలక్స్ స్టాండర్డ్ కొటేషన్ కూడా తెప్పించుకోండి, నా సలహా ఇదే.

అయితే నల్లరేగడి దగ్గర ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. నా సొంత అనుభవం ఒకటి. కొండవీడు వైపు ఒక స్నేహితుడి చేలోకి అక్టోబర్లో పోయాం, ముందు రోజు రాత్రి ఓ మాదిరి వాన, అంతే. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని ధీమాగా దించా. వంద గజాలు పోయేసరికి నాలుగు టైర్లూ గుండ్రంగా నల్ల లడ్డూల్లా అయిపోయినై, గాడి అన్నది కనపడట్లా, నాలుగు చక్రాలూ ఒకేసారి నిబ్బరంగా తిరుగుతున్నాయి, బండి మాత్రం పక్కకి జరుగుతా కాలవలోకి. చివరికి గోనె సంచులు పరిచి, ట్రాక్టర్ తెచ్చి లాగించాం, ఆ ట్రాక్టర్ డ్రైవర్ కుర్రాడు నవ్వు ఆపుకోలేక పోయాడు. తప్పు బండిది కాదు, నేను వేసుకున్న హైవే టైర్లది. షోరూం నుంచి వచ్చే టైర్లు రోడ్డు కోసం, వాటి గాడులు సన్నం, రేగడి దూరితే బయటకి రాదు. ఆల్ టెర్రైన్ టైర్లయితే కొంచెం మేలు, మట్టి టైర్లయితే ఇంకా మేలు కానీ గుంటూరు దాకా రోడ్డు మీద హోరు భరించాలి, అరుగుదల కూడా ఎక్కువ. కింద ట్రిమ్ తీసుకుని మిగిలిన దాంట్లోంచి కంపెనీ సైజులోనే నాలుగు మంచి ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి, పొలంలో ప్రెస్టీజ్ కంటే అవే ఎక్కువ పని చేస్తాయి. అప్పుడు కూడా పెద్ద వాన పడ్డ మర్నాడు డొంకలోకి దించకండి.

టిక్కీల సంగతి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. వీ-క్రాస్, హైలక్స్ తెల్లబోర్డు మీద సొంత బండిగా తిరుగుతాయి. వెనక తొట్టి చూసి టన్ను వేయొచ్చు అనుకుంటాం. అట్లా కాదు, ఆర్‌సీలో బండి ఖాళీ బరువు, లోడుతో కలిపిన బరువు రెండూ ఉంటాయి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీకు మిగిలింది, అందులో మళ్లీ మనుషులు కూడా ఉన్నారు. ఐదుగురు ఎక్కితే మూడొందల పైచిలుకు కిలోలు మనుషులే తినేస్తారు. టిక్కీ నలభై కిలోలు పైనే కదా, లెక్క మీరే వేసుకోండి. ఇక ఇన్సూరెన్స్ పాలసీ తీసి బండి ఏ ఏ వాడకానికి చెల్లుతుందో రాసిన పేరా చదవండి. మామూలు ప్రైవేట్ కార్ పాలసీలో కిరాయికి తిప్పడం, (శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప) వేరే సరుకు మోయడం, పోటీల్లో పాల్గొనడం, ఇవన్నీ మినహాయింపులే. శాంపిల్ కాయలు యార్డుకి పట్టుకెళ్లడం వేరు, కల్లం నుంచి కోల్డ్ స్టోరేజికి సీజనంతా టిక్కీలు తోలడం వేరు. రెండోది చెయ్యాలంటే ఇసుజులోనే ఎస్-క్యాబ్ అని పసుపు బోర్డు బండి ఉంది, లేదంటే ట్రాలీ ఆటోకి కిరాయి ఇవ్వడం అన్నిటికంటే చవక.

అందుకే మీ నాన్నగారి మాట తీసేయొద్దన్నా. సరుకుకి ట్రాక్టర్ ఉంచండి, మీరు తిరగడానికి జెడ్ ఫోర్ బై ఫోర్ మాన్యువల్ తీసుకోండి. బ్రాడీపేట అడ్డరోడ్ల మలుపుల్లో 5.3 మీటర్ల బండి తిప్పడం మాత్రం మీ పాట్లు మీవి.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్లో బుడమేరు వచ్చినప్పుడు మా కారు పైకప్పు దాకా మునిగింది. మళ్లీ అట్లాంటిది వస్తే బయటపడేట్టు ఎత్తుగా ఉండే పికప్ కొందామని. నీళ్లల్లో పోవాలంటే ఏ ట్రిమ్ మంచిది?

జవాబు: అండీ, మీ బాధ అర్థమైంది, ఆ వారం మా చుట్టాలూ అక్కడే ఉన్నారు. కానీ ఆ నీళ్లకి సరిపోయే ట్రిమ్ ఎవరూ తయారు చేయలేదు. హైలక్స్‌కి కంపెనీ చెప్పే లోతు 700 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల మూడంగుళాలు. అది కూడా నిలిచిన నీళ్లలో, కింద రోడ్డు ఎక్కడుందో తెలిసినప్పుడు, నడక స్పీడులో పోతే. ఆ రోజు మీ వీధుల్లో మనిషి మునిగే లోతు ఉంది, పాలు నీళ్లు పడవల మీద, ట్రాక్టర్ల మీద తెచ్చారు. ప్రవాహం ఉన్న చోట రెండడుగుల నీళ్లు చాలు రెండు టన్నుల బండినైనా తేల్చేసి పక్కకి తోసేస్తాయి, చక్రాలు నేలని వదిలాక ఫోర్ బై ఫోర్ ఏం చేసుద్ది?

ఎత్తు వల్ల లాభం లేదని కాదు. మోకాలి లోతు నీళ్లలో మామూలు కారు ఆగిపోయే చోట ఇది దాటుద్ది. దాటాక చేయాల్సింది ఎవరూ చేయరు, అది చెప్తా. ముందూ వెనకా డిఫరెన్షియల్ ఆయిల్ తీయించి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దూరినట్టే, వెంటనే మార్పించాలి. ఇంజన్ నీళ్లలో ఆగిపోతే ఎట్టి పరిస్థితుల్లో మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలితో పాటు నీళ్లు సిలిండర్లోకి పోతే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుద్ది, అక్కడితో ఇంజన్ పని లక్షల్లోకి పోద్ది. పై ట్రిమ్ కోసం దాచిన డబ్బులోంచి ముందు ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకోండి. మీ వీధిలో దీన్ని మించిన ట్రిమ్ లేదు. వాన హెచ్చరిక రాగానే బండి ఏ ఫ్లైఓవర్ మీద పెట్టాలో కూడా ముందే అనుకుని ఉంచుకోండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాం, నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలు, ఒక బాబు. ఆయనకి పికప్ పిచ్చి పట్టింది, వీడియోలు చూసి చూసి. రోజూ ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు, ఏడాదికోసారి శ్రీశైలం, రెండుసార్లు సూర్యలంక బీచ్. ఆటోమేటిక్ కావాలి. ఫోర్ బై టూ ఆటోమేటిక్ చాలా, లేక ఫోర్ బై ఫోర్ ఆటోమేటికా? అసలు వద్దని రాయండి, ఆయనకి చూపిస్తా.

జవాబు: వద్దు. ఇదిగో రాశా, చూపించండి.

ఆయన ఊరుకోరు కాబట్టి మిగతాది. ఇన్నోవా క్రిస్టా పొడవు 4.7 మీటర్లు, ఈ పికప్‌లు 5.3, మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ముందు టేపు పెట్టి కొలవమనండి, తర్వాత బుక్ చేయమనండి. వెనక కమాన్ పట్టీల సస్పెన్షన్, బరువు మోయడానికి కట్టింది, తొట్టి ఖాళీగా ఉంటే ప్రతి గుంతా వెనక సీట్లో బాబుకి తెలుస్తుంది. ఇంకా పెద్దది డీపీఎఫ్. బీఎస్6 డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుద్ది, రోజూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆరు కిలోమీటర్లు ఆగి ఆగి పోతే అది వేడెక్కే లోపు ఆఫీసు వచ్చేసుద్ది. వారానికోసారి గుంటూరు దాకా హైవే మీద తోలుకొస్తే సరిపోతుంది అనుకోండి, కానీ దాని కోసం డీజిల్ తగలెయ్యడం...

ఇక ట్రిమ్. శ్రీశైలం ఘాట్ తారు రోడ్డు, ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు. సూర్యలంకలో ఇసుకలోకి బండి దించొద్దు, ఉప్పునీళ్లకి ఛాసిస్ తుప్పు పడుద్ది, రోడ్డు పక్కన పెట్టి నడవండి. అంటే ఆయనకి ఫోర్ బై ఫోర్‌తో పనే లేదు. అట్లాగని కింద ట్రిమ్ కళ్లు మూసుకుని కొనేయడం కూడా తప్పే, పైన సత్తెనపల్లి ఆయనకి ఇచ్చిన సలహా మీకు తిరగబడుద్ది చూడండి. ఖాళీ తొట్టి, వెనక చక్రాల డ్రైవ్, 360 ఎన్ఎం టార్క్, వానలో తడిసిన హైవే, మలుపులో కొంచెం ఎక్కువ తొక్కితే తోక జారుద్ది. అప్పుడు కాపాడేది ఈఎస్‌సీ. ఫోర్ బై టూ ఆటోమేటిక్‌లో ఆ ఏడాది ఈఎస్‌సీ ఇస్తున్నారా, ఎయిర్‌బ్యాగులు ఎన్ని అన్నది చూసి, లేకపోతే అప్పుడు ప్రెస్టీజ్‌కి వెళ్లమనండి, వీ-క్రాస్‌లో ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్ ఎట్లాగూ ఆ ట్రిమ్‌లోనే దొరుకుద్ది. మట్టి తొక్కని మీకు టాప్ ఎండ్, మట్టిలో తిరిగే ఆయనకి కింద ట్రిమ్, వినడానికి విడ్డూరంగానే ఉంటుంది.

ప్రశ్న: అన్నా, తెనాలి నుంచి. 2018 వీ-క్రాస్ సెకండ్స్‌లో వస్తుంది. ముందు ఇనుప బుల్ బార్, పెద్ద టైర్లు, పైన లైట్లు అన్నీ వేసి ఉన్నాయి, కొత్త బండి బేస్ మోడల్ కంటే ఇదే బెటర్ కదా? పదేళ్లు దాటితే డీజిల్ బండి తిప్పనీరంట నిజమేనా?

జవాబు: పదేళ్ల రూలు ఢిల్లీ చుట్టుపక్కల వాళ్లది తమ్ముడూ, మనకి కాదు. 2018 బండి అంటే పాత 2.5 లీటర్, 136 పీఎస్, 320 ఎన్ఎం, ఐదు గేర్ల మాన్యువల్. స్పీడు అందుకోవడం నెమ్మదే కానీ మొండి ఇంజను. మట్టి పనికి ఇప్పటికీ బాగుంటుంది.

ఆ అలంకారాలకి మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకు, వీలైతే తగ్గించమను. బుల్ బార్‌ని 2017 డిసెంబర్లోనే కేంద్ర రవాణా శాఖ వద్దంది, మోటార్ వెహికిల్స్ చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, ఫైన్ పడుద్ది. ఫైన్ సంగతి అట్లా ఉంచు, ముందు గుద్దుకుంటే నలగాల్సిన చోట ఆ ఇనుము అడ్డంగా ఉంటే దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోద్ది, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్క కూడా మారొచ్చు, అడ్డమొచ్చిన మనిషి సంగతి చెప్పక్కర్లా. పెద్ద టైర్లు వేస్తే గేరింగ్ బరువెక్కుద్ది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తది, యాక్సిడెంటయితే ఇన్సూరెన్సోడికి ఓ సాకు దొరికినట్టే.

చూడాల్సింది కింద. మెకానిక్‌ని తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించు, ఛాసిస్ మీద కొత్త నల్లరంగు కొట్టి ఉంటే అనుమానించు. కమాన్ పట్టీల్లో చీలికలు చూడు. తర్వాత మట్టి నేల మీద ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ లో వెయ్యి, డాష్‌బోర్డులో లైటు వెలిగిందా, మళ్లీ టూ హై కి (మామూలు రెండు చక్రాల డ్రైవ్‌కి) ఇబ్బంది లేకుండా వచ్చిందా చూడు. అమ్మేవాడు "అది ఎప్పుడూ వాడలేదు అన్నా, కొత్తదే" అంటే అక్కడే డౌట్ పడాలి.

ప్రశ్న: మంగళగిరి. వానాకాలం హైవే మీద ఫోర్ హై లో పెట్టి నడిపితే గ్రిప్ బాగుంటుందా? ఆరిన రోడ్డు మీద కూడా పెట్టొచ్చా?

జవాబు: ఫోర్ హై అంటే మామూలు వేగంలోనే నాలుగు చక్రాలకీ బలం. ఆరిన తారు మీద వద్దే వద్దు. ఈ బండ్లకి ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టి అయితే చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు జారనివ్వదు, ఒత్తిడంతా గేరు పెట్టెలోకి పోయి బండి మలుపులో పట్టేసినట్టు గింజుకుంటది. తడి రోడ్డు మీద కూడా టూ హై లో నెమ్మదిగా పోవడమే నయం. అలాగని ఏడాదంతా వాడకుండా వదిలేయకండి, లోపల కదిలే భాగాలు బిగుసుకుపోతాయి. నెలకోసారి ఎక్కడైనా మట్టి బాట దొరికితే ఫోర్ హై వేసి ఒక కిలోమీటరు తిప్పి, మళ్లీ టూ హై కి వచ్చిందో లేదో చూసుకుని తారు ఎక్కండి.